ఎడమవైపు కోరపన్ను

"చూశావా ముబీనా! నేను చెప్పలా?"

డాక్టర్ వెంకటపతి గారు లహరి నోట్లో పెట్టిన కొలత పరికరాన్ని బయటికి తీసి గాల్లో ఆడించారు. ఆయన సంబరం చూస్తే జరిగింది ఒక పన్ను కాదు, గుడివాడ రైల్వే స్టేషనే లేచొచ్చి పక్క వీధిలో కూర్చుందనుకోవాలి. కుర్చీలో వెల్లకిలా పడుకుని, దవడలు నొప్పెట్టేదాకా నోరు తెరిచి ఉంచిన లహరికి మాత్రం ఏమీ బోధపడలేదు. దీపం వెలుగుకి కళ్ళు చికిలిస్తూ ఒకసారి ఆయన వంకా, ఒకసారి ముబీనా వంకా చూసింది.

"కుడివైపు కోరపన్ను ఎంత వెనక్కొచ్చిందో చూడు. సందు దాదాపు మూసుకుపోయింది. ఎడమవైపుది? పెట్టినచోట పెట్టినట్టే ఉంది. లేజర్ పనిచెయ్యదని ఇంక ఎవడైనా నోరెత్తుతాడా?"

"అవును సార్," అంది ముబీనా. అనడమేమిటి, ఆమెకీ ఎగిరి గంతెయ్యాలనే ఉంది.

లహరివి ఎత్తుపళ్ళు. వాటిని లోపలికి తేవాలంటే పైవరసలో చోటు కావాలి. అందుకని రెండువైపులా కోరపన్ను వెనకున్న పన్ను పీకేసి, ఆ ఖాళీలోకి కోరపన్నుని స్ప్రింగుతో మెల్లగా లాగుతున్నారు. పన్ను ఎముకని చీల్చుకుని పోదు. స్ప్రింగు ఎటు లాగితే అటు ఎముక మీద ఒత్తిడి పడుతుంది. అక్కడి కణాలు ఎముకని కొద్దికొద్దిగా తినేస్తాయి. పన్ను వదిలొచ్చిన వైపు ఇంకో రకం కణాలు కొత్త ఎముక పోస్తాయి. ముందొకడు గోడ తవ్వుకుంటూ పోతుంటే వెనకొకడు కట్టుకుంటూ వస్తున్నట్టన్నమాట. చిగురు మీద లేజర్ కాంతి పెడితే ఈ పనివాళ్ళిద్దరూ రెట్టింపు జోరుగా పనిచేస్తారని మిషను అమ్మే కంపెనీ మాట. అది నిజమో కాదో తేల్చడానికే వెంకటపతి గారు తన క్లినిక్‌లో పరీక్ష పెట్టారు. ఒప్పుకున్నవాళ్ళకి వైద్యం ఉచితం. అందరికీ రెండువైపులా ఒకే స్ప్రింగు, ఒకే లాగుడు. లేజర్ మాత్రం కుడివైపే. ఎడమవైపు కూడా అదే గొట్టం చిగురుకి ఆనిస్తారు, బీప్‌మని మోగిస్తారు, కాంతి వెలిగించరు. ఎటువైపు నిజమో ఎటువైపు ఉత్తుత్తిదో పేషెంటుకి తెలియదు.

ఈ చాకిరీ అంతా ముబీనాదే. పళ్ళ వరస సరిచేసే చదువు పూర్తిచేసి, బందరు నుంచి రోజూ బస్సులో గుడివాడ వచ్చి, ఆయన కింద పనిచేస్తోంది. పాపం, ఇన్నాళ్ళూ ఆమె కొలిచిన నోళ్ళలో కుడికీ ఎడమకీ తేడా భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు. సార్ మొహం రోజురోజుకీ ముడుచుకుపోతూ వచ్చింది. అలాంటప్పుడు లహరి నోరు తెరిచింది.

"ఆదివారం డాక్టర్లంతా వస్తున్నారుగా, బందరు, అవనిగడ్డ, ముదినేపల్లి, అందరూ. వాళ్ళకి ఈ నోరు చూపిస్తే చాలు. తలా ఒక మిషను పట్టుకుపోతారు. మంచి చీర కట్టుకు రమ్మని చెప్పు," అన్నారు వెంకటపతి గారు, లహరి మీదుగా ముబీనాతో.

లహరి లేచి కూర్చుని మూతి తుడుచుకుంది. "అదేదో నాకే చెప్పొచ్చుగదండీ. నోరొక్కటే మీ దగ్గరుంది. చెవులు నా దగ్గరే ఉన్నాయి."

ఆయన పెద్దగా నవ్వేశారు. గిలకలదిండి రేవులో చేపలమ్మే పిల్ల మాట అలాగే ఉంటుందన్నట్టు నవ్వారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆదివారం గట్టెక్కనీ ముబీనా. బందరు బ్రాంచి పని మొదలెడదాం. బోర్డు మీద నీ పేరే," అన్నారు.

ఆ సాయంత్రం బస్సు పెడన దాటేదాకా ముబీనాకి ఒళ్ళు తెలియలేదు. కోనేరు సెంటర్‌కి దగ్గరలో ఒక మేడ, పైన తన పేరు, లోపల తన కుర్చీ. ఇంకొకరి వెనకాల నిలబడి "అవును సార్" అనక్కర్లేని కుర్చీ. కిటికీలోంచి కొడుతున్న దుమ్ము కూడా ఆ రోజు ఆమెకి చల్లగానే అనిపించింది.

మర్నాడు గిలకలదిండి వెళ్ళింది. ఆదివారం ఎప్పుడు రావాలో ఫోన్లో చెప్పినా సరిపోయేది. కానీ సార్‌కి ఫొటో కావాలట, పేషెంటు ఇంటి దగ్గర హాయిగా నవ్వుతున్న ఫొటో. రేవులో పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. ఐసు ముక్కలు దంచుతున్న చప్పుడు, ఎండుచేపల వాసన. లహరి ఇంటి ముందు రేకుల పందిరి కింద చాపంత మేర నీలం రంగు వల పరిచి ఉంది. లహరి అత్త కనకదుర్గ ఒక మూల బుట్టలో రొయ్యలు ఏరుతోంది. లహరి కాళ్ళు బారజాపుకుని, చినిగిన వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి, సూదితో టకటకా వల కన్నులు అల్లుకుపోతోంది.

ముబీనా ఫోన్ తీసి ఫొటోకి గురిపెట్టింది. లహరి సూదిని కన్నులోంచి దూర్చి తీసింది. ముడి పడింది. ఎడమచేత్తో కన్నుని గట్టిగా పట్టుకుని, తల పక్కకి వంచి, నైలాను దారాన్ని ఎడమవైపు కోరపంటికి తగిలించి, తల ఎగరేసి ముందుకి ఒక్క గుంజు గుంజింది. ముడి బిగిసింది. ఇంకో కన్ను. ఇంకో ముడి. ఇంకో గుంజు.

ముబీనా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏం చేస్తున్నావ్?"

లహరి ఉలిక్కిపడి తలెత్తింది. "అమ్మో, మేడంగారా! రండి రండి. అత్తా, కుర్చీ తే. ఏం చెయ్యడమేంటండీ, వల బాగుచేస్తున్నా. మా ఆయన పొద్దున్నే వేటకి పోవాలి. బండరాయికి పట్టుకుని సగానికి సగం చినిగొచ్చింది."

"పంటితో లాగుతున్నావేంటి?"

"మరి దేంతో లాగాలి? సూది కుడిచేతిలో, వల ఎడంచేతిలో. మూడో చెయ్యి ఇవ్వలేదుగా దేవుడు."

"ఎప్పట్నించి చేస్తున్నావ్ ఈ పని?"

"పెళ్ళై వచ్చిన కాణ్ణుంచీ చేత్తానే ఉంది," అంది కనకదుర్గ మూలనుంచి. "ఈ వాడలో వలపని దానికొచ్చినట్టు మగాళ్ళకి కూడా రాదు. పొరుగోళ్ళవి కూడా మన గడపలోనే పడేసిపోతారు."

ముబీనా బ్యాగులోంచి చిన్న టార్చి తీసింది. అక్కడికక్కడే నోరు తెరిపించింది. చిగుళ్ళ దగ్గర, పంటి అంచున సన్నటి గాడి. దారం కోసిన గాడి. వేలితో పన్నుని కదిపి చూసింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఊగింది. స్ప్రింగు రోజంతా వెనక్కి లాగుతోంది. ఈ పిల్ల గంటల తరబడి ముందుకి గుంజుతోంది. ఎముక తినే కణాలకి ఎటు తినాలో తెలియక పన్ను నిలబడ్డ చోటే అల్లాడుతోంది. ఇలాగే ఇటూ అటూ ఊగితే ముందు అరిగేది పంటి వేరు. పన్నే పోవచ్చు.

అంటే ఎడమవైపు కదలకపోవడానికి లేజర్ లేకపోవడం కాదు కారణం. కుడివైపు వచ్చినంతే మామూలుగా ఎవరికైనా వస్తుంది. ఇన్నాళ్ళూ కొలిచిన నోళ్ళన్నిట్లో వచ్చింది అంతే కదా!

"నేను చెప్పిన జాగ్రత్తలు..." అంది.

"అన్నీ పాటించానండి! ఒట్టు. చెరుకు ముట్టలేదు. జామకాయ కొరకలేదు. మా ఆడబిడ్డ జీడిపాకం తెస్తే కూడా నోరు కట్టుకున్నా. కావాలంటే అత్తనడగండి."

"మరి దారం?"

"దారం తినే వస్తువా మేడం?"

ముబీనా టార్చి ఆర్పేసింది. నిజమే, ఎవరు చెప్పారు? చెరుకు గురించి చెప్పింది, ఐసు గురించి చెప్పింది, గోళ్ళు కొరకడం గురించి కూడా చెప్పింది. నువ్వు చేసే పనేమిటని మాత్రం అడగలేదు. సముద్రం పక్క బందరులో పుట్టి పెరిగి, చేపలు తిని పెద్దదై, వల ఎలా బాగుచేస్తారో తలెత్తి చూడలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది.

దారం వల్లే ఆ పన్ను పాడవుతోందని విన్నాక లహరి పంటిని నాలుకతో తడుముకుంది. ఆ తర్వాత లోపలికెళ్ళి పట్టకారు తెచ్చుకుంది. దారాన్ని దాంతో పట్టి గుంజి, ముడిని వేలితో నొక్కి చూసుకుని, "కొంచెం ఆలస్యమవుద్ది, అంతేగా. ముందే చెప్పుంటే ముందే తెచ్చుకునేదాన్ని," అంది. కోపం లేదు ఆ మాటలో. అదే ముబీనాకి ఇంకా కష్టంగా తోచింది. ఫొటో తియ్యకుండానే వచ్చేసింది.

క్లినిక్‌లో ముబీనా చెప్పిందంతా వెంకటపతి గారు ఓపిగ్గానే విన్నారు. గది తలుపు తనే లేచెళ్ళి మూసి వచ్చారు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లహరితో తప్ప ఎవరితోనూ లేదు సార్."

"మంచిపని చేశావ్. అనకు."

"కానీ సార్, ఆ కేసు లెక్కలోకి రాదు కదా. అది తీసేస్తే లేజర్‌కీ మామూలుకీ తేడా లేదనే తేలుతోంది."

"తీసేద్దాం," అన్నారాయన కుర్చీలో వెనక్కి వాలి. "రూలు ప్రకారమే పోదాం. చెప్పిన మాట వినని పేషెంట్ అని తీసేద్దాం. పరీక్షలోంచి తీసేస్తే ఉచిత వైద్యం కూడా లేదు. పిలిచి క్లిప్పులు విప్పి పంపించెయ్. సరేనా?"

ముబీనా ఆయన బల్ల దగ్గరికి జరిగింది. "ఎడమవైపు సందు అలాగే ఉందండి. పళ్ళు పీకింది మనం."

"నేనూ అదే అంటున్నా. ఆ పిల్ల బతుకు ఎందుకు చెడగొడతావ్? నోరు మూసుకుంటే ఆమెకి పళ్ళు బాగుపడతాయి, నీకు బ్రాంచి వస్తుంది, నాకు పేరొస్తుంది. ఎవరికీ నష్టం లేదు. లేజర్ పెడితే నొప్పయినా తగ్గుతుంది, విషమేం కాదుగా!" సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకి తోశారు. బందరు బ్రాంచి బోర్డు నమూనా. డాక్టర్ ముబీనా అని ఎర్రటి అక్షరాలు, పక్కన నవ్వుతున్న పెదాల బొమ్మ. "రంగు నచ్చకపోతే చెప్పు, మార్పిద్దాం."

లహరి కోసమే కదా, అనుకుంది ముబీనా. మెట్లు దిగుతూ అనుకుంది, బస్సులో అనుకుంది. ఎన్నిసార్లనుకున్నా ఆ మాట గొంతులో ముల్లులాగే ఉండిపోయింది.

శనివారం సాయంత్రం బందరు చేపల మార్కెట్‌కి వెళ్ళి లహరిని పట్టుకుంది. లహరి ముందు పండుగప్పలూ కానాగంతలూ పరిచి ఉన్నాయి. బేరాలు పలచబడే దాకా ముబీనా పక్కన నిలబడింది. చీర అంచు తడిసిపోయింది.

"రేపు వల సంగతి ఎవరితోనూ అనకు లహరీ. ఎవరైనా అడిగినా సరే."

"ఎందుకని?"

చెప్పక తప్పలేదు. లేజర్ ఏవైపు పెట్టారో, పరీక్ష ఏమిటో, నిజం చెప్తే క్లిప్పులు విప్పేస్తారని, చెప్పకపోతే వైద్యం పూర్తవుతుందని, అంతా చెప్పింది. బోర్డు సంగతి కూడా నోరుజారి వచ్చేసింది. లహరి చేప పొలుసు గీకుతూనే విన్నది. గీకడం అయ్యాక కత్తి నీళ్ళలో ముంచి పక్కన పెట్టింది.

"అంటే ఎడమవైపు మీరు పెట్టిన దీపం వెలగనే లేదా? ఉత్తినే బీప్‌మందా?"

"అది పరీక్ష పద్ధతి..."

"పద్ధతి సరేనండి. దాని మీద నాకేం కోపం లేదు. రేపు నా నోరు చూసి ఆ డాక్టర్లంతా మిషన్లు కొనుక్కుంటారు. ఆనక వచ్చిన ఆడపిల్ల దగ్గరల్లా దీపానికింత అని గుంజుతారు. గుంజుతారా లేదా?"

ముబీనా తడిసిన చీర అంచు పిండుకుంది.

"నేను నిన్నటి చేపని ఇయ్యాళ్టిదని అమ్మితే ఈ మార్కెట్లో నా గంప ఎత్తి అవతల పారేస్తారు. అట్లాంటిది నా నోరే పెట్టి అబద్ధం అమ్ముతారా?"

"నీ కోసమే లహరీ. నీ పళ్ళ కోసం."

"నా కోసమా, మీ బోర్డు కోసమా?"

పక్క గంప దగ్గర ఆవిడ తల తిప్పి చూసింది. ముబీనాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ పిల్ల మీద కోపం కాదని తెలుస్తూనే ఉంది.

"నా పళ్ళు ఎత్తుగా ఉన్నప్పుడు నవ్వినోళ్ళందరినీ ఎదురు తిట్టి బతికా. మా ఆయన నీకెందుకే ఈ సోకులన్నా సరే, నా నోరు నా ఇష్టమని వచ్చా. సందులతో కూడా బతుకుతా లెండి," అంది లహరి. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ నాకు భయంగానే ఉంది మేడం. పళ్ళు పీకిన రోజు ఎంత ఏడ్చానో మీకు తెలుసుగా. రేపు వస్తా. మీరేం చెప్తారో నా మొహం చూసే చెప్పండి," అంది.

ఆదివారం క్లినిక్ పై అంతస్తులో హాలు నిండిపోయింది. ముందు వరసలో మిషను కంపెనీ మనిషి, పక్కనే తళతళలాడే తెల్లటి మిషను. హాలు మధ్యలో పళ్ళ వైద్యం కుర్చీ. అందులో పసుపు చీర కట్టుకుని లహరి. వెంకటపతి గారు తెర మీద బొమ్మలు చూపిస్తూ అరగంట అదరగొట్టారు. కణాలన్నారు, ఒత్తిడన్నారు, కాంతి తగలగానే ఎముక ఎలా పరుగులు పెడుతుందో చెప్పారు. చివరికి కుర్చీ దగ్గరికొచ్చి, "ఇప్పుడు మన సబ్జెక్టుని చూద్దాం. నోరు తెరువు," అన్నారు.

లహరి తెరవలేదు. ముబీనా వైపు చూసింది.

"ముందు మా డాక్టర్ ముబీనా కొలతలు చదువుతుంది," అని సర్దుకున్నారాయన.

ముబీనా మైకు దగ్గరికి వెళ్ళింది. హాల్లో అందరి మొహాలూ మసకగా కనిపించాయి, ఒక్క లహరి మొహం తప్ప. పొద్దున్నుంచీ మనసులో వల్లెవేసుకున్న మొదటి వాక్యం గాలికి పోయింది.

"ఈమె పేరు లహరి. గిలకలదిండిలో వలలు బాగుచేస్తుంది, చేపలు అమ్ముతుంది," అంది. "వల ముడి బిగించడానికి నైలాను దారాన్ని ఎడమవైపు కోరపంటితో ముందుకి లాగుతుంది. అందుకే ఆ పన్ను వెనక్కి రాలేదు. లేజర్ లేక కాదు."

హాలంతా గుసగుసలు. వెంకటపతి గారి మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"ఆ పని చెయ్యొద్దని మేం చెప్పలేదు. ఆమె మాట వినలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. పనేమిటని అడగాల్సింది నేను. నేనడగలేదు. తప్పు నాది."

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. అవనిగడ్డలో ఎప్పట్నించో ప్రాక్టీసు చేస్తున్న రాజారత్నం గారు. "మిగతా పేషెంట్ల సంగతేంటమ్మా?"

"కుడికీ ఎడమకీ తేడా లేదండి. నేనే కొలిచాను. వేరేచోట ఎవరికైనా తేడా వచ్చిందేమో నాకు తెలియదు. ఇక్కడ రాలేదు."

కంపెనీ మనిషి ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో నవ్వారు, ఎవరో ఛీ అన్నారు. వెంకటపతి గారు మాత్రం గొంతు పెంచలేదు. అంత కోపంలోనూ ఆయనకి మర్యాద తెలుసు.

"క్షమించండి, చిన్న పొరపాటు. ఈ కేసు పరీక్షలోంచి తీసేస్తున్నాం. నువ్వు దిగమ్మా. రేపొచ్చి క్లిప్పులు తీయించుకో."

లహరి కుర్చీ చేతుల్ని రెండు చేతులా పట్టుకుంది. "దిగనండి."

"ఏంటీ?"

"దిగనంటున్నా. పళ్ళు పీకినప్పుడు పరీక్ష అనలేదు మీరు, వైద్యం అన్నారు. వైద్యం అయ్యేదాకా ఈ కుర్చీ దిగను. పోలీసుల్ని పిలుచుకోండి."

ముబీనా మైకు వదిలేసి వచ్చి, గోడ దగ్గర బల్ల మీదున్న గ్లవుజులు తొడుక్కుంది. దీపం వెలిగించి లహరి మొహం మీదికి దించింది.

"ముబీనా," అన్నారు వెంకటపతి గారు పళ్ళు బిగించి. "ఆ పరికరం ముట్టుకున్నావో, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

"సరే సార్. ఇవాళ ఉన్నాగా."

లహరి నోరు తెరిచింది. ముబీనా ఎడమవైపు సాగిపోయిన స్ప్రింగుని కొక్కెం నుంచి తప్పించి తీసేసింది. దారం తాకిడికి వంగిన తీగని నెమ్మదిగా సరిచేసింది. పన్ను కొన్నాళ్ళు ఊపిరి తీసుకోవాలి. అందుకని కొత్త స్ప్రింగు వెయ్యకుండా, ఊగకుండా మాత్రం పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో కట్టింది. కట్టు కొసని మెలితిప్పి, చెంపకి గుచ్చుకోకుండా లోపలికి వంచింది. అంతమంది డాక్టర్లు చూస్తున్నా, ఆమె ఏనాడూ అంత నిదానంగా పనిచేయలేదు. వెంకటపతి గారు పక్కనే నిలబడ్డారు. చెయ్యి పట్టుకుని ఆపలేరు, చూస్తూ ఉండలేరు. చివరికి తెర దగ్గరికెళ్ళి, మెరుస్తున్న బొమ్మని తనే ఆర్పేశారు.

"అయిపోయింది," అంది ముబీనా. "దీన్ని ఎక్కడ పూర్తిచేస్తానో నాకింకా తెలియదు లహరీ. కానీ నేనే చేస్తాను."

"బందర్లోనేగా ఉంటారు. పట్టుకుంటా లెండి," అంది లహరి.

రాజారత్నం గారు కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, ముబీనాని కాదు, లహరినే అడిగారు.

"అమ్మా, నేనొకసారి చూడొచ్చా?"

లహరి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్ని నెలల్లో ఆ మాట అడిగిన డాక్టరు ఆయనొక్కడే.

"చూడండి. ముందు ఎడమవైపు చూడండి," అంది.

ఆయన వెనక ముదినేపల్లి డాక్టరు వచ్చి నిలబడింది, ఆవిడ వెనక ఇంకొకరు. లహరి ఒక్కొక్కరూ అడిగేదాకా ఆగి, అడిగినవాళ్ళకే నోరు తెరిచింది.